నొప్పిని చెప్పుకునే తీరు, తగిన మందు పొందే దారి

ఈ పాఠం ఉద్దేశం

నెలల తరబడి నొప్పితో జీవిస్తున్నవారు, వారిని చూసుకుంటున్న కుటుంబసభ్యులు వైద్యుని వద్దకు వెళ్లేముందు తెలుసుకోవలసిన విషయాలు ఈ పాఠంలో ఉన్నాయి. నొప్పిని ఏ మాటలతో చెప్పాలి, ఏ రకం నొప్పికి ఏ జాతి మందు పనిచేస్తుంది, బలమైన మందుల విషయంలో చట్టం ఏమంటుంది, వైద్యుడు వెనుకాడినప్పుడు ఏమి అడగాలి అన్నవి ముఖ్యాంశాలు. మందును, దాని మోతాదును నిర్ణయించవలసింది వైద్యుడే. ఆ నిర్ణయం సరిగా జరగడానికి కావలసిన సమాచారాన్ని అందించవలసింది మాత్రం రోగి.

1. దీర్ఘకాలిక నొప్పి అంటే ఏమిటి?

దెబ్బ తగిలినప్పుడు కలిగే నొప్పి ఒక హెచ్చరిక. గాయం మానేకొద్దీ అదీ తగ్గుతుంది. మూడు నెలలు దాటినా విడవని నొప్పిని, లేదా పోయినట్లే పోయి మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అరిగిన మోకాళ్లు, జారిన వెన్నుపూస డిస్కు, మధుమేహం వల్ల దెబ్బతిన్న పాదాల నాడులు, కీళ్లవాతం, కేన్సరు వంటివి దీనికి సాధారణ కారణాలు. 2005–06లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో చికున్‌గున్యా ప్రబలినప్పుడు జ్వరం వారం రోజుల్లో తగ్గినా, కీళ్లనొప్పులు నెలల తరబడి వదలని వారిని అనేక గ్రామాలు చూశాయి. ఏ కారణమూ పరీక్షల్లో కనబడకపోయినా నొప్పి ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 11వ వ్యాధుల వర్గీకరణ 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. అందులో దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేక స్థానం లభించింది.

రక్తపోటును కొలవడానికి యంత్రం ఉంది. చక్కెరను కొలవడానికి రక్తపరీక్ష ఉంది. నొప్పిని కొలిచే యంత్రం లేదు. ఎక్స్‌రేలో ఎముక బాగా అరిగినట్లు కనబడినా కొందరికి నొప్పి ఉండదు. చిత్రం చక్కగా ఉన్నా కొందరు లేచి నడవలేరు. అందువల్లనే నొప్పి అధ్యయనానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనానికి తోడుగా, తనకు నొప్పి ఉన్నదని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని పేర్కొంది. మాట్లాడలేనంత మాత్రాన నొప్పి లేదని భావించరాదని కూడా అదే సంఘం స్పష్టం చేసింది. నొప్పి విషయంలో వైద్యునికి లభించే ప్రధాన సాక్ష్యం రోగి మాటే. మాట అస్పష్టంగా ఉంటే మందు కూడా గురితప్పుతుంది.

2. సిరిగేరి నుండి నగరం దాకా

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని సిరిగేరి తుంగభద్ర నీటితో వరి పండించే ప్రాంతంలోని ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు దక్కాయి. బళ్లారి, సిరుగుప్ప తదితర తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. గీత ఎక్కడ పడినా ఇళ్లలో తెలుగు, కన్నడం రెండూ నిలిచాయి. ఆ తరువాత కాలువ నీటిని నమ్ముకుని కోస్తా జిల్లాల నుండి వచ్చిన రైతులు చుట్టుపక్కల క్యాంపులలో స్థిరపడ్డారు. ఇప్పుడు ఈ ప్రాంతం నుండి బళ్లారి, బెంగళూరు వంటి నగరాలకు కూలికి, ఉద్యోగానికి, చదువుకు తరలివెళ్లినవారు ఎందరో ఉన్నారు.

రోజుల తరబడి వంగి నాట్లు వేసిన నడుము, ధాన్యం బస్తాలు మోసిన మెడ, నగరంలో సిమెంటు తట్టలెత్తిన భుజం నొప్పిని తమతో తీసుకువెళ్తాయి. ఊరిలో ఉన్నప్పుడు ఆర్‌ఎంపీ వేసిన సూదితో పూట గడుస్తుంది. నగరానికి వచ్చాక ఒక వీధిలోని క్లినిక్కు, మరో వీధిలోని మందుల అంగడి, పండుగకు ఊరికి వెళ్లినప్పుడు మళ్లీ పాత సూది. ఇలా ముగ్గురు నలుగురు చికిత్స చేస్తారు గాని, పూర్తి కథ వారిలో ఎవరికీ తెలియదు. వలస వచ్చినవారికి తగిన మందు దొరకకపోవడానికి మొదటి కారణం ఇది. చెప్పవలసిన మాట చెప్పవలసిన భాషలో అందకపోవడం రెండవ కారణం.

3. నొప్పికి తెలుగులో ఉన్న మాటలు

తెలుగులో నొప్పికి మాటల కొరత లేదు. వైద్యుని గదిలో మాత్రం ఆ మాటలన్నీ పక్కన పెట్టి, ఎక్కువమంది ‘ఒళ్లంతా నొప్పులు’ అనే ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఇంట్లో వాడే మాటలే వైద్యునికి ఎక్కువ ఉపయోగపడతాయి, ఎందుకంటే ఒక్కో మాట ఒక్కో రకం నొప్పిని సూచిస్తుంది.

మంట, చురచుర, చిమచిమ, తిమ్మిరి, మొద్దుబారడం, కరెంటు కొట్టినట్లు జివ్వుమనడం: ఇవి సాధారణంగా నాడులు దెబ్బతిన్నప్పుడు వచ్చే నొప్పికి గుర్తులు. మధుమేహం ఉన్నవారి అరికాళ్ల మంట, నడుము నుండి కాలిలోకి దిగే జివ్వుమనే నొప్పి, అక్కి తగ్గిన తరువాత కూడా అదే చోట మిగిలిపోయే మంట ఈ జాతివి.

సలుపు, వాపుతో కూడిన పోటు, పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం: ఇవి కీళ్లలోనో కణజాలంలోనో వాపు ఉన్నదని సూచిస్తాయి.

పట్టేయడం, తీపులు, బరువెత్తితే ఎక్కువై పడుకుంటే తగ్గడం: ఇవి ఎక్కువగా కండరాలకు, ఎముకల అరుగుదలకు చెందినవి.

మెలిపెట్టినట్లు అలలు అలలుగా వచ్చే శూల: ఇది పేగులు, మూత్రనాళం, పిత్తాశయం వంటి లోపలి అవయవాల నుండి వచ్చేది.

ఈ విభజన రోగ నిర్ణయం కాదు. వైద్యుని ఆలోచన ఏ దిక్కుగా సాగాలో చూపే సూచన మాత్రమే. ఆ సూచన లేకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో తెలియడానికి ముఖంలోని నాడికి సంబంధించిన నొప్పి ఒక ఉదాహరణ. ఇది చెంపపై మెరుపులా కొడుతుంది. నమిలినా, ముఖం కడిగినా వస్తుంది. దీనిని పంటిపోటని భావించి బాగున్న పళ్లను పీకించుకున్నవారు ఉన్నారు. ఆ నొప్పికి కార్బమజెపిన్ అనే మందు బాగా పనిచేస్తుంది. మామూలు నొప్పి మాత్రలు దానిపై దాదాపు పనిచేయవు.

మాటల్లో మూడు చిక్కులు

మొదటిది ‘నరం’. వాడుక తెలుగులో నాడిని, రక్తనాళాన్ని, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు వంటి భాగాన్ని కూడా నరమనే అంటారు. ‘నరాలు లాగుతున్నాయి’ అన్న మాటను వింటే ఒక వైద్యునికి నాడుల జబ్బు, మరొక వైద్యునికి ఉబ్బిన రక్తనాళాలు తోచవచ్చు. కాబట్టి నరమన్న మాటకు బదులు, చోటును వేలితో చూపి, అక్కడ మంటా, లాగడమా, తిమ్మిరా అన్నది చెప్పడం మేలు.

రెండవది ‘అక్కి’. తెలుగులో అది నడుము చుట్టూనో ఛాతీపైనో ఒకే పక్కన పొక్కులతో వచ్చే జబ్బు. కన్నడంలో అక్కి అంటే బియ్యం. వరి పండే సీమ నుండి వచ్చిన మనిషి ‘అక్కి వచ్చింది’ అంటే కన్నడ వైద్యునికి అర్థం కాకపోవడంలో వింత లేదు. కన్నడంలో ఆ జబ్బును సర్పసుత్తు అంటారు. పొక్కులు కనబడిన 72 గంటల లోపల వైరస్ మందు మొదలుపెడితే జబ్బు త్వరగా తగ్గుతుంది. అందువల్ల అక్కి రాయించుకునే ఆచారం ఉన్న ఇళ్లవారు కూడా వైద్యుని వద్దకు వెళ్లడంలో ఆలస్యం చేయరాదు.

మూడవది ‘ఉరి’. కన్నడ వైద్యుడు ‘ఉరి ఇదెయా?’ అని అడిగితే మంట ఉన్నదా అని అర్థం. తెలుగు చెవికి ఆ మాట భయంకరంగా వినబడి, కాదని తల అడ్డంగా ఊపినవారికి మంట లేదని చీటీలో నమోదవుతుంది. నాడుల నొప్పికి రావలసిన మందు అక్కడే తప్పిపోతుంది.

ఆసుపత్రిలో ఉపయోగపడే మరికొన్ని కన్నడ మాటలు ఇవి. నొప్పి – నోవు. తిమ్మిరి – జోము. లాగడం, పీకడం – సెళెత. గుచ్చినట్లు – చుచ్చిదంతె. వాపు – ఊత. నడుము – సొంట. మోకాలు – మొణకాలు. అరికాలు – అంగాలు. నిద్ర – నిద్దె. మాత్ర – మాత్రె.

4. ఒకే రోగి, రెండు సంభాషణలు

సిరిగేరి నుండి నగరానికి వచ్చిన ఒక నడివయసు స్త్రీని ఊహించుకుందాం. మొదటిసారి ఆమె ఇలా చెప్పింది:

‘ఒళ్లంతా నొప్పులు సార్. నరాలన్నీ లాగుతాండాయి. ఏదైనా గట్టి బిళ్ల రాయండి.’

బయట నలభై మంది ఎదురుచూస్తున్నారు. వైద్యుడు అయిదు రోజులకు నొప్పి మాత్ర, కడుపులో మంట రాకుండా మరొక మాత్ర రాసి పంపించాడు. ఆయన నిర్లక్ష్యం చేశాడని అనలేము. ఆ మాటలకు ఇవ్వగలిగిన మందు అదే.

రెండవసారి ఆమె కూతురితో కలిసి, ఒక కాగితంపై రాసుకుని వచ్చింది:

‘ఎనిమిది నెలలాయె సార్. నడుములో మొదలై ఎడమ కాలు వెనక నుంచి చీలమండ దాకా కరెంటు కొట్టినట్ల జివ్వుమంటాది. వంగితే, దగ్గితే ఎక్కువ. పడుకుంటే కొంచెం నయం. పదికి ఏడు, రాత్రిపూట ఎనిమిది. మూడు గంటలకన్నా నిద్ర లేదు. నాలుగిళ్ల పని చేస్తాంటి, ఇప్పుడు ఒక్క ఇంటికే పోతాండా. ఈ మాత్రలు నెల వాడితిని, తగ్గలేదు, కడుపులో మంట వచ్చె.’

ఇలా చెప్పి ఖాళీ అట్టలను బల్లపై పెట్టింది. రెండవ సంభాషణ ఒక నిమిషం కూడా పట్టలేదు. వైద్యుడు కాలు పైకెత్తి చూశాడు, మడమ మీద, మునివేళ్ల మీద నడిపించి చూశాడు. నొప్పి నాడిది కావచ్చునని భావించి మందును మార్చాడు, వ్యాయామ చికిత్సకు పంపాడు, మూడు వారాలకు మళ్లీ రమ్మన్నాడు.

రెండవ సంభాషణలో ఆమె ‘గట్టి బిళ్ల’ అడగలేదు. ఎనిమిది విషయాలు చెప్పింది: ఎన్నాళ్ల నుండి, ఎక్కడ మొదలై ఎక్కడికి, ఎటువంటి నొప్పి, ఏమి చేస్తే పెరుగుతుంది, ఏమి చేస్తే తగ్గుతుంది, పదికి ఎంత, ఏ పని ఆగిపోయింది, ఇంతవరకు ఏ మందు వాడితే ఏమైంది. సున్న అంటే నొప్పి లేకపోవడం, పది అంటే ఊహకు అందే అత్యధిక నొప్పి. ప్రతిసారీ పదికి పది అని చెబితే కొలతకు అర్థం పోతుంది. ఓర్పు గలవారమని అనిపించుకోవడానికి మూడో నాలుగో చెప్పినా నష్టమే. ముఖ్యంగా స్త్రీలు, పెద్దవారు అడిగిన వెంటనే ‘ఫరవాలేదు’ అంటారు. అది మర్యాదకు చెప్పిన మాటో, నిజమైన నొప్పి లెక్కో వైద్యునికి తెలిసే వీలు లేదు.

కొన్ని లక్షణాలుంటే వారాలు ఆగరాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నడుము నొప్పితో పాటు మూత్రం, విరేచనం ఆపుకోలేకపోవడం లేదా మూత్రం రాకపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు బలహీనపడి జారిపోవడం, జ్వరం ఉండటం అటువంటివి. కారణం లేకుండా బరువు తగ్గుతూ, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే దానిని కూడా త్వరగా వైద్యునికి చూపాలి.

5. ఏ నొప్పికి ఏ మందు?

నొప్పి మందులన్నీ ఒకే నిచ్చెనపై బలహీనం నుండి బలమైన వాటి దాకా వరుసగా ఉంటాయన్నది అపోహ. అవి వేర్వేరు జాతులు. ఒక జాతి పనిచేయని చోట మోతాదు పెంచడం కన్నా జాతి మార్చడం మేలు చేయవచ్చు.

పారాసిటమాల్ మొదటి జాతి. ఆరోగ్యవంతులైన పెద్దలు రోజు మొత్తానికి 4,000 మి.గ్రా. దాటరాదు. 650 మి.గ్రా. మాత్రలు ఆరు వేసుకుంటేనే 3,900 అవుతుంది. జలుబు మాత్రల్లో కూడా ఇదే మందు కలిసి ఉంటుంది కనుక లెక్క తెలియకుండా దాటిపోయే ప్రమాదం ఉంది. అధికమైతే కాలేయం దెబ్బతింటుంది. మద్యం అలవాటున్నవారికి, కాలేయ జబ్బున్నవారికి హద్దు ఇంకా తక్కువ.

డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి రెండవ జాతి. ఇవి వాపును తగ్గిస్తాయి. పేర్లు వేరైనా ఇవి ఒకే కుటుంబానివి కాబట్టి ఒక అంగడిలో ఒకటి, మరో అంగడిలో మరొకటి కొని కలిపి వేసుకోరాదు. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాల నష్టం కలగవచ్చు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి, ఎండలో నీళ్లు చాలక పనిచేసేవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

నాడుల నొప్పికి మూడవ జాతి మందులున్నాయి. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ మొదట మానసిక కుంగుబాటుకు వచ్చిన మందులు. గాబాపెంటిన్, ప్రిగాబలిన్ మొదట మూర్ఛకు వచ్చినవి. నాడుల నొప్పిపై కూడా ఇవి పనిచేస్తాయని తరువాత తేలింది. చీటీ చూసిన ఎవరో ‘ఇది పిచ్చికి ఇచ్చే మందు’ అనడంతో రోగి మూడు రోజులకే మానేయడం తరచుగా జరుగుతుంది. ఈ మందులు తక్కువ మోతాదుతో మొదలై మెల్లగా పెరుగుతాయి. పూర్తి గుణం కనబడటానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మొదటి రోజుల్లో మగతగా ఉండవచ్చు. వైద్యుడు ఈ మాట చెప్పకపోతే ‘ఇది నా ఏ జబ్బుకు, ఎన్నాళ్లకు పనిచేస్తుంది?’ అని రోగి అడగాలి. ఉన్నపళంగా మానడం కూడా మంచిది కాదు.

పేరులేని పొట్లాలలో ఇచ్చే బిళ్లలు వేరే ప్రమాదం. వాటిలో కొన్నిసార్లు స్టెరాయిడ్లు కలిపి ఉంటాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమై మనిషి తేలికపడతాడు. నెలలు గడిచేసరికి ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అలాగని అకస్మాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు రావచ్చు. చాలాకాలం వాడినవారు ఆ సంగతి దాచకుండా వైద్యునికి చెప్పి, ఆయన పర్యవేక్షణలో తగ్గించుకోవాలి.

మందులతో పాటు వ్యాయామ చికిత్స, కాపడం, నిద్ర, పని చేసే భంగిమలో మార్పు కూడా చికిత్సలో భాగమే. దీర్ఘకాలిక నొప్పిలో పదిని సున్నకు తేవడం అన్నివేళలా సాధ్యం కాదు. ఏడు నాలుగుకు దిగి, రాత్రి అయిదారు గంటల నిద్ర పట్టి, ఆగిన పని మళ్లీ సాగితే చికిత్స ఫలిస్తున్నట్లే.

6. ‘మత్తు’, ‘అలవాటు’: చట్టం ఏమంటుంది?

నల్లమందు నుండి వచ్చే మార్ఫిన్, దానికి దగ్గరి మందులు నాలుగవ జాతి. తెలుగులో శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే మందును, నిద్ర మాత్రను, దొంగచాటుగా అమ్ముడుపోయే మాదకద్రవ్యాన్ని ఒకే మాటతో ‘మత్తుమందు’ అంటారు. మార్ఫిన్ పేరు వినగానే ఇంటిల్లిపాదీ భయపడటానికి ఈ మాట కూడా ఒక కారణం.

దేశంలో ఈ మందుకు పట్టిన దుస్థితి ఆశ్చర్యకరమైనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు సాగవుతుంది. ఘాజీపూర్, నీమచ్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు దానిని శుద్ధి చేస్తాయి. అయినా ఇక్కడి కేన్సరు రోగులకే మార్ఫిన్ మాత్ర దొరకని కాలం చాలాకాలం సాగింది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం కఠినమైన శిక్షలు విధించింది. ఒక ఆసుపత్రి ఈ మందును నిల్వ చేసుకోవాలంటే వేర్వేరు కార్యాలయాల నుండి పలు అనుమతులు పొందవలసివచ్చేది. దానితో ఆసుపత్రులు, అంగళ్లు ఈ మందును వదులుకున్నాయి. 1997 నాటికి దేశం మొత్తం మీద వైద్యానికి వాడిన మార్ఫిన్ సుమారు 18 కిలోలకు పడిపోయింది. కోళిక్కోడ్‌లో 1993లో మొదలైన నొప్పి, ఉపశమన చికిత్సాలయం, దానిని ప్రారంభించినవారిలో ఒకరైన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి చేసిన కృషి ఫలితంగా 2014లో చట్టం సవరణ పొందింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరింటిని అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించారు. గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఒకే అనుమతితో వాటిని ఉంచుకోవచ్చు. గుర్తింపు పొందిన సంస్థ వైద్యుడు రాసిన చీటీతో మార్ఫిన్ తీసుకోవడం నేరం కాదు. ఆ చీటీని, మందును కలిపి భద్రపరచుకోవాలి.

కేన్సరు నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మార్గదర్శకాలు ప్రకటించింది. సాధ్యమైనంతవరకు నోటి ద్వారా ఇవ్వాలి, నొప్పి వచ్చాక కాక గడియారం ప్రకారం ఇవ్వాలి, నొప్పి స్థాయిని బట్టి ఇవ్వాలి అన్నవి అందులోని ముఖ్య సూత్రాలు. మార్ఫిన్ చివరి గడియల మందు కాదు. నెలలు, ఏళ్లు వాడుతూ పనిచేసుకునేవారు ఉన్నారు. మొదటి రోజుల్లో మగత, వికారం ఉంటాయి, మెల్లగా తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు కనుక దానికి మందు మొదటి రోజు నుండే అడిగి తీసుకోవాలి.

‘అలవాటు పడిపోతాం’ అనే మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. కొంతకాలం వాడిన మందును హఠాత్తుగా ఆపితే శరీరం తట్టుకోలేకపోవడం ఒకటి. అది సహజం, మెల్లగా తగ్గిస్తే సరిపోతుంది. నొప్పి లేకపోయినా మందు కోసం తపించడం, హాని జరుగుతున్నా మానలేకపోవడం రెండవది. దానిని వ్యసనం అనాలి. వ్యసనం భయం కల్పితం కాదు. అమెరికాలో 1990ల చివరి నుండి కేన్సరు కాని దీర్ఘకాలిక నొప్పులకు ఈ మందులను విచ్చలవిడిగా రాయడంతో పెద్ద విపత్తు మొదలైంది. తరువాతి కాలంలో దొంగచాటు మందులు కూడా తోడై, 2021 ఒక్క సంవత్సరంలో ఈ జాతి మందులు మోతాదు మించి 80,000 మందికి పైగా అక్కడ మరణించారు. 2016లో అక్కడి ప్రభుత్వ సంస్థ కట్టుదిట్టమైన సూచనలిచ్చింది. వాటిని మొరటుగా అమలు చేసి ఉన్నపళంగా మందులు ఆపడం వల్ల రోగులు బాధపడ్డారని గుర్తించి, 2022లో ఆ సూచనలను సవరించింది. అతిగా ఇవ్వడం, అసలు ఇవ్వకపోవడం రెండూ హాని చేస్తాయని ఈ అనుభవం చెబుతుంది.

అందువల్ల నడుము నొప్పికో మోకాలి నొప్పికో వచ్చిన రోగికి వైద్యుడు ఈ జాతి మందును వెంటనే రాయకపోవడం అన్యాయం కాదు. భారతదేశంలో ట్రమడాల్‌ను కూడా 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. హెచ్-1 షెడ్యూలులోని మందులు అమ్మినప్పుడు వైద్యుని, రోగి వివరాలను అంగడివారు ప్రత్యేక పుస్తకంలో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. అంగడివారు చీటీ అడగడం రోగిని అనుమానించడం కాదు, అది వారి బాధ్యత.

7. వైద్యుడు వెనుకాడితే ఏమి అడగాలి?

అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. అయితే అడిగే తీరు ముఖ్యం. మందు పేరు చెప్పి అదే రాయమని పట్టుబట్టడం కన్నా, తీరని అవసరాన్ని చెప్పి దారి అడగడం మంచిది.

‘ఈ మందు నెల రోజులు చెప్పినట్లే వాడాను. నొప్పి ఏడు నుండి ఆరుకే తగ్గింది. తరువాత ఏమి చేయవచ్చు?’

‘ఇది నాడుల నొప్పి అయ్యే అవకాశం ఉందా?’

‘ఈ మందు వద్దంటున్న కారణం తెలిస్తే, దానికి బదులు ఏముందో కూడా చెప్పండి.’

‘నొప్పి చికిత్స విభాగానికి రాసి పంపించగలరా?’

పెద్ద ఆసుపత్రుల్లో నొప్పి చికిత్సను చాలాచోట్ల అనస్థీషియా విభాగం వైద్యులు చూస్తారు. సిరిగేరి వైపు వారికి సిరుగుప్ప తాలూకా ఆసుపత్రి దగ్గరిది. బళ్లారిలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, జనం విమ్స్ అని పిలిచేది, దానికి పైస్థాయిది. కేన్సరు నొప్పికి బెంగళూరులోని కిద్వాయి సంస్థ, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి ప్రభుత్వరంగంలో పేరున్నవి, రెండుచోట్లా ఉపశమన చికిత్స విభాగాలున్నాయి. చికిత్సకు లొంగని దశలో ఉన్న కేన్సరు రోగులకు బెంగళూరులోని కరుణాశ్రయ 1999 నుండి ఉచితంగా సేవలందిస్తోంది.

రోగికి కొన్ని హక్కులున్నాయి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం, రోగి కోరిన 72 గంటల లోపల చికిత్స పత్రాలు ఇవ్వాలి. 2016 సవరణ ప్రకారం మందుల అసలు పేర్లను స్పష్టంగా చదవగలిగేటట్లు రాయాలి. కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో జబ్బు, చికిత్స వివరాలు తెలుసుకునే హక్కు, మరొక వైద్యుని అభిప్రాయం కోరే హక్కు ఉన్నాయి.

హక్కులకు తోడు బాధ్యతలున్నాయి. నొప్పి మందు రాసే వైద్యుడు ఒక్కరే ఉండేటట్లు చూసుకోవాలి. నాటు మందులతో సహా వాడుతున్నవన్నీ చెప్పాలి, మద్యం సంగతి దాచరాదు. బలమైన మందులను పిల్లలకు అందని చోట ఉంచాలి, ఇరుగుపొరుగువారికి పంచరాదు.

8. గుర్తుంచుకోవలసినవి

నొప్పి మూడు నెలలు దాటితే అంగడి బిళ్లలతో నెట్టుకురాకుండా పూర్తి పరీక్ష చేయించుకోవాలి.

ఎక్కడ, ఎటువంటిది, పదికి ఎంత, ఏ పని ఆగింది, ఏ మందు ఏమి చేసింది అన్నవి కాగితంపై రాసుకుని వెళ్లాలి. పాత చీటీలు, ఖాళీ అట్టలు ఒకే సంచిలో ఉంచుకోవాలి.

మంట, తిమ్మిరి, జివ్వుమనడం ఉంటే ఆ మాటను తప్పక చెప్పాలి.

కేన్సరు నొప్పిని ఓర్చుకోవలసిన అవసరం లేదు. మార్ఫిన్ చట్టసమ్మతమైన మందు.

9. అభ్యాసం

అ) కింది వాక్యాన్ని వైద్యునికి ఉపయోగపడేటట్లు విస్తరించి రాయండి: ‘కాళ్లు పీకుతున్నాయి, రాత్రి నిద్ర లేదు.’

ఆ) మంట, సలుపు, తిమ్మిరి, శూల: వీటిలో నాడుల నొప్పికి గుర్తులు ఏవి? వాటిలో ఒక్కో మాటకు కన్నడ మాట రాయండి.

ఇ) ఒక వ్యక్తి పగలు 650 మి.గ్రా. పారాసిటమాల్ మాత్రలు అయిదు వేసుకుని, రాత్రి 500 మి.గ్రా. పారాసిటమాల్ కలిసిన జలుబు మాత్రలు రెండు వేసుకున్నాడు. అతడు రోజు హద్దును దాటాడా?

ఈ) ఇంట్లో పెద్దవారు నొప్పి గురించి అడిగినప్పుడల్లా ‘ఫరవాలేదు’ అంటుంటే, ఆ మాటకు బదులు వారిని ఏ మూడు ప్రశ్నలు అడగవచ్చు? కుటుంబసభ్యులతో చర్చించి రాయండి.

(‘ఇ’ ప్రశ్నకు జవాబు: అయిదు మాత్రలకు 3,250, రెండు జలుబు మాత్రలకు 1,000, మొత్తం 4,250 మి.గ్రా. హద్దు దాటింది.)